ఆ నల్ల స్క్రీన్‌లో ఏం కొట్టాలంటే

నల్గొండలో గడియారం సెంటర్‌కి దగ్గర్లో మాదొక చిన్న జిరాక్స్ షాపు, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతాం. ఏ నోటిఫికేషన్ పడ్డా చివరి రెండు రోజులు షాపులో నిలబడటానికి జాగా ఉండదు. అట్లాంటి ఒక సాయంత్రం డిగ్రీ పిల్లోడొకడు పెన్ డ్రైవ్ పట్టుకొచ్చి, "అన్నా, ఇందులో నా సర్టిఫికెట్ల ఫోల్డర్ ఉండె, ఇప్పుడు చూస్తే షార్ట్‌కట్ ఒక్కటే కనబడుతుంది" అన్నాడు, మొహం చూస్తే ఏడుపొక్కటే తక్కువ. నేను విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల స్క్రీన్ (మౌస్ బదులు లైన్లు టైపు చేసి కంప్యూటర్‌కి పని చెప్పే చోటు) తెరిచి ఒక్క లైను కొట్టాను, కాసేపట్లో ఫోల్డర్ తిరిగొచ్చింది. "హ్యాకింగ్ వచ్చా అన్నా నీకు?" అని అడిగాడు. హ్యాకింగూ లేదు, ఏమీ లేదు. ఆ లైను ఏంటో కింద చెప్తాను, ముందు మెట్లు ఎక్కాలి.

ఆ మధ్య దేవరకొండలో మా బామ్మర్ది కూడా ఇట్లాంటి షాపే పెట్టాడు. ఇక రోజుకు రెండుసార్లు ఫోన్, "బావా, ప్రింటర్ ఆగిపోయింది", "బావా, ఫైల్ ఎక్కడ పెట్టిన్నో దొరుకుతలేదు". వాడికి ఫోన్లో చెప్పీ చెప్పీ నాకు ఒక పద్ధతి అలవాటైంది, ఇక్కడా అట్లాగే రాస్తున్నాను. కమాండ్లన్నీ తెలుగు అక్షరాల్లో పలికినట్టు ఉంటాయి, మీరు కీబోర్డు మీద కొట్టేది మాత్రం ఇంగ్లిష్‌లో. విండోస్‌లో పెద్దక్షరాలైనా చిన్నక్షరాలైనా ఒకటే, దాని గురించి బెంగ వద్దు. నేను స్పేస్ ఎక్కడ వదిలితే మీరూ అక్కడే వదలాలి, అదొక్కటి పట్టింపు.

గుర్తులు కూడా ముందే చెప్పుకుందాం, ఎందుకంటే మా వాడు మొదటి వారమంతా తప్పు గీతే కొట్టాడు. గీతలు రెండు. ఎంటర్ కీకి పైన ఉండేది బ్యాక్‌స్లాష్ \, దాని తల ఎడమవైపు వాలి ఉంటుంది, ఫోల్డర్ పేర్ల మధ్యలో ఇదే వాడాలి. ప్రశ్నార్థకం ఉన్న కీ మీద ఉండేది మామూలు స్లాష్ /, కమాండ్‌కి అదనంగా ఏదైనా చెప్పాలంటే ఇది. షిఫ్ట్ పట్టుకుని 8 నొక్కితే స్టార్ *, దాని అర్థం "ఏదైనా సరే".

తెరవడం తేలిక. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే చిన్న డబ్బా వస్తుంది, అందులో సీఎండీ అని మూడక్షరాలు కొట్టి ఎంటర్. దీనికంటే నాకు నచ్చిన దారి ఇంకొకటి ఉంది. మీకు పనున్న ఫోల్డర్‌ని మామూలుగానే మౌస్‌తో తెరవండి, పైన అడ్రస్ కనిపించే గడిలో క్లిక్ చేసి, ఉన్నది చెరిపి సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల స్క్రీన్ సరిగ్గా ఆ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటుంది, వెతుక్కుంటూ పోవాల్సిన పని ఉండదు. కొన్ని కంప్యూటర్లలో లైను మొదట్లో పీఎస్ అని కనిపిస్తుంది, అది పవర్‌షెల్ అనే వేరే సరుకు, నేను రాసే చాలా లైన్లు అక్కడ ఇట్లాగే నడవవు. అప్పుడు సీఎండీ అని కొట్టి ఎంటర్ నొక్కితే మనకు కావాల్సిన చోటికి వచ్చేస్తారు.

తెరవగానే ఇట్లా ఏదో ఉంటుంది:

సీ:\యూజర్స్\షాపు>

అది మీ అడ్రస్. జిల్లా, మండలం, ఊరు రాసినట్టే, నల్గొండ\నార్కట్‌పల్లి\చెర్వుగట్టు అన్నట్టు, పెద్దది ముందు, దాని లోపలిది తర్వాత. ఇప్పుడు మీరు ఏ కమాండ్ కొట్టినా ఆ చివర పేరున్న ఫోల్డర్ మీదే పడుతుంది. నల్ల స్క్రీన్ దగ్గర నేను చూసిన తప్పుల్లో సగానికి సగం కమాండ్ రాక చేసినవి కావు, ఎక్కడున్నామో చూసుకోకుండా చేసినవే. నాది కూడా, చెప్తాను.

మొదట డిర్ (డీ, ఐ, ఆర్). కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో చూపిస్తుంది, తేదీ, సైజు, పేరు. దీనివల్ల ఏదీ పాడవదు, వందసార్లు కొట్టినా చూపించి ఊరుకుంటుంది, కాబట్టి మొదటి రెండు రోజులు ఇదొక్కటే కొడుతూ తిరగండి. తిరగడానికి సీడీ. సీడీ, స్పేస్, ఫోల్డర్ పేరు కొడితే లోపలికి, సీడీ పక్కన రెండు చుక్కలు పెడితే ఒక మెట్టు బయటికి. సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కి పోవాలంటే మాత్రం సీడీ పనిచేయదు, "డీ:" అని అక్షరం, కోలన్ అంతే కొట్టి ఎంటర్ నొక్కాలి. ఇది తెలియక చాలామంది కమాండ్ పాడైందనుకుంటారు.

పేరు మొత్తం కొట్టకండి. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూరిస్తుంది, అది మీరనుకున్నది కాకపోతే మళ్లీ ట్యాబ్, అట్లా వరసగా చూపిస్తూ పోతుంది. పేరులో స్పేస్ ఉంటే, "జాతర ఫోటోలు" లాగా, మొత్తం పేరుని డబుల్ కోట్స్‌లో పెట్టాలి, ట్యాబ్ అయితే ఆ కోట్స్ కూడా అదే పెడుతుంది. పై బాణం నొక్కితే ఇంతకు ముందు కొట్టిన లైను తిరిగొస్తుంది. ఏదైనా ఆగకుండా స్క్రీన్ మీద పరిగెడుతుంటే కంట్రోల్, సీ కలిపి నొక్కండి, ఆగిపోతుంది. ఈ నాలుగు అలవాటైతే టైపింగ్ రాదన్న టెన్షన్ పోతుంది. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లు పాత నల్ల స్క్రీన్‌లో డబ్బాల్లా కనిపిస్తాయి, ఫైల్‌కి ఏమీ కాలేదు, చూపించడం దానికి రాదు అంతే. అందుకే షాపు ఫైళ్లకి ఇంగ్లిష్ అక్షరాల్లోనే పేర్లు పెట్టమని మా వాడికి చెప్పాను.

ఇదంతా పాత కాలం వ్యవహారం కదా అని మీకు అనిపించొచ్చు. పాతదే. డిర్, కాపీ 1981లో ఐబీఎం పీసీతో పాటు, విండోస్‌కి ముందు పీసీలని నడిపిన డాస్ వచ్చినప్పుడే ఉన్నాయి, సీడీ లాంటివి 1983లో డాస్ రెండో వెర్షన్‌తో వచ్చాయి. నలభై ఏళ్లు దాటినా అదే స్పెల్లింగ్, అదే పని. ప్రతి అప్‌డేట్‌కీ బటన్లు ఒక మూల నుంచి ఇంకో మూలకి పోతున్న రోజుల్లో, ఒకసారి నేర్చుకున్నది మళ్లీ నేర్చుకోవాల్సిన అవసరం రాకపోవడం నాకైతే పెద్ద లాభం.

ఇక పనికొచ్చే పనులు. కొత్త ఫోల్డర్‌కి ఎండీ, స్పేస్, పేరు. కాపీకి కాపీనే, జరపడానికి మూవ్, పేరు మార్చడానికి రెన్ (ఆర్, ఈ, ఎన్). వీటిలో రెన్ మా షాపులో బాగా ఆడుతుంది. అప్లికేషన్ సైట్లు కొన్ని ఫోటో పేరు చివర జేపీజీ అని ఉంటేనే తీసుకుంటాయి, పిల్లల ఫోన్లలోంచి వచ్చేవేమో జేపీఈజీ అని ఉంటాయి. ఒక్కొక్కదాన్ని రైట్ క్లిక్ చేసి మార్చే బదులు ఆ ఫోల్డర్‌లో ఇట్లా:

రెన్ *.జేపీఈజీ *.జేపీజీ

ఫోల్డర్‌లో ఎన్నున్నా ఒక్క దెబ్బకి మారతాయి. జేపీఈజీ, జేపీజీ రెండూ ఒకే రకం ఫోటోలు కాబట్టి ఇది చెల్లుతుంది. పీఎన్‌జీ ఫోటోని ఇట్లా పేరు మారిస్తే మాత్రం అది జేపీజీ అయిపోదు, లోపల సరుకు పీఎన్‌జీగానే ఉంటుంది, సైటు వెనక్కి కొడుతుంది.

ఫోటో సైజు కూడా ఇక్కడే చూసుకోవచ్చు. డిర్ /ఓఎస్ *.జేపీజీ అని కొడితే చిన్న ఫోటో పైన, పెద్దది కింద వచ్చేలా వరసలో పెడుతుంది, పక్కనే బైట్లలో లెక్క. 50 కేబీ లోపు ఉండాలని సైటు అడిగితే 50,000 కంటే తక్కువ అంకె ఉన్నవి నిశ్చింతగా ఎక్కించొచ్చు, కింద మిగిలిన నాలుగైదిటినే మళ్లీ తగ్గించుకుంటే చాలు.

ఫైల్ ఎక్కడ పెట్టామో మర్చిపోయినప్పుడు, పేరులో ఒక్క ముక్క గుర్తున్నా సరిపోతుంది. మా మామకి బత్తాయి తోట ఉంది, లోడు లెక్కలు మా బామ్మర్దే ఎక్సెల్‌లో రాస్తాడు, రాసిన ఫైల్‌ని నెలకోసారి పోగొట్టుకుంటాడు. డీ డ్రైవ్‌కి వచ్చి, సీడీ \ అని కొట్టి మొదటికి పోయి, తర్వాత:

డిర్ /ఎస్ /బీ *బత్తాయి*

/ఎస్ అంటే లోపలి ఫోల్డర్లన్నీ కూడా వెతుకు అని, /బీ అంటే తేదీలూ సైజులూ వద్దు, అడ్రస్ ఒక్కటి చెప్పు చాలు అని. ఇదే డిర్ /బీ పక్కన నిలువు గీత | పెట్టి (షిఫ్ట్‌తో బ్యాక్‌స్లాష్ కీ) క్లిప్ (సీ, ఎల్, ఐ, పీ) అని కొడితే స్క్రీన్ మీద ఏమీ కనబడదు, కానీ పేర్లన్నీ కాపీ అయి ఉంటాయి. ఎక్సెల్ తెరిచి పేస్ట్ చేస్తే వరసకొక పేరు. ఒక స్కూలు వాళ్లు 300 పైచిలుకు పిల్లల ఫోటోలిచ్చి ఎవరెవరివి వచ్చాయో లిస్టు కావాలన్నప్పుడు, మా దగ్గర పనిచేసే అబ్బాయి రాయడం మొదలుపెట్టి పదిహేను పేర్లు రాసేలోపు నేను ప్రింట్ తీసిచ్చాను. వాడు రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు డెల్. తీసేసే కమాండ్. దీంతో తీసింది రీసైకిల్ బిన్‌లోకి పోదు, పోయిందంటే పోయిందే. నా సంగతి చెప్తానన్నాను కదా. డౌన్‌లోడ్స్‌లో పాత హాల్ టికెట్లు పేరుకుపోయాయని డెల్ *.పీడీఎఫ్ కొట్టాను. స్క్రీన్ మీద అడ్రస్ చివర డెస్క్‌టాప్ అని ఉంది, నేను చూడలేదు. ఆ డెస్క్‌టాప్ మీద ఒక పెళ్లివాళ్లు ఓకే చేసి పోయిన పత్రిక డిజైన్ ఉంది, తెల్లారితే ప్రింటింగ్‌కి పోవాలి. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని మళ్లీ చేశాను, ముహూర్తం టైము కోసం వాళ్లకే ఫోన్ చేసి ఏదో సాకు చెప్పి అడగాల్సి వచ్చింది. తర్వాత తెలిసిన సంగతేంటంటే, డెల్ *.* అని అన్నీ తీసేయమంటే "ఖాయమేనా, వై ఆర్ ఎన్" అని ఒకసారి అడుగుతుంది గానీ, *.పీడీఎఫ్ లాంటి దానికి అడగనే అడగదు, మారు మాట్లాడకుండా తీసేస్తుంది.

అప్పటినుంచి నేను డెల్‌ని నేరుగా కొట్టను. మొదట డిర్ *.పీడీఎఫ్ కొడతాను. వచ్చిన లిస్టు చదువుతాను, నిజంగా చదువుతాను. అన్నీ తీసేయాల్సినవే అనుకుంటే పై బాణం నొక్కుతాను, అదే లైను తిరిగొస్తుంది, హోమ్ కీ నొక్కితే కర్సర్ లైను మొదటికి పోతుంది, అక్కడ డిర్ అనే మూడక్షరాలు చెరిపి డెల్ అనే మూడక్షరాలు పెట్టి ఎంటర్. మిగతా లైను ముట్టుకోను కాబట్టి ఏది చూశానో అదే పోతుంది, అడ్రస్ తప్పు పడే వీలే లేదు. ఈ ఒక్కటి నేర్చుకునేదాకా డెల్ జోలికి పోవద్దని మా బామ్మర్దికి ఒట్టు పెట్టించాను.

ప్రింటర్ సంగతికి వద్దాం. ఒక డాక్యుమెంట్ మధ్యలో ఇరుక్కుంటుంది, క్యాన్సిల్ కొట్టినా "డిలీటింగ్" అని చూపిస్తూ గంట కూర్చుంటుంది, వెనక పది మంది లైన్లో ఉంటారు. దీనికి మామూలు నల్ల స్క్రీన్ చాలదు, స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. అట్లా తెరిస్తే మీరు ఉండేది విండోస్ లోపల సిస్టమ్32 ఫోల్డర్‌లో, అది కంప్యూటర్‌కి గుండెకాయ, అక్కడ డెల్ తప్పుగా పడితే మెషిన్ ఫార్మాట్‌కి పోవాల్సి రావొచ్చు. మొదట:

నెట్ స్టాప్ స్పూలర్

స్పూలర్ అంటే ప్రింట్లని వరసలో నిలబెట్టేది. అది ఆగాక డిర్ సీ:\విండోస్\సిస్టమ్32\స్పూల్\ప్రింటర్స్\*.* అని చూడండి, ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అని చివరలున్న ఫైళ్లు కనిపిస్తాయి, ఇరుక్కున్నవి అవే. పై బాణం, హోమ్, డిర్ చెరిపి డెల్, అడిగినప్పుడు వై. తర్వాత నెట్ స్టార్ట్ స్పూలర్. వరసలో ఉన్న ప్రింట్లన్నీ పోతాయి, మళ్లీ ఇచ్చుకోవాలి, కానీ కంప్యూటర్ ఆపి వెలిగించే పని తప్పుతుంది.

ఆ డిగ్రీ పిల్లోడి పెన్ డ్రైవ్ విషయం. ఊళ్లో ఉన్న నెట్ సెంటర్లన్నీ తిరిగిన పెన్ డ్రైవ్‌లకి పట్టే జబ్బు అది. వైరస్ మీ ఫోల్డర్లని తీసేయదు, దాచేస్తుంది, వాటి స్థానంలో అదే పేరుతో షార్ట్‌కట్లు పెడుతుంది, మీరు దాన్ని డబుల్ క్లిక్ చేస్తే ఆ వైరస్ మీ కంప్యూటర్‌లోకి దూరుతుంది. కాబట్టి క్లిక్ చేయకండి. పెన్ డ్రైవ్ ఏ అక్షరంతో వచ్చిందో చూసుకుని, ఈ అనుకుందాం, ఈ: కొట్టి అక్కడికి పోయి:

ఆట్రిబ్ -హెచ్ -ఎస్ -ఆర్ /ఎస్ /డీ *.*

ఆట్రిబ్ స్పెల్లింగ్ ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ. హెచ్ అంటే దాచినది, ఎస్ అంటే సిస్టమ్ ఫైల్ అనే ముద్ర, ఆర్ అంటే మార్చకూడదనే ముద్ర, ముందు మైనస్ పెట్టాం కాబట్టి మూడూ ఊడిపోతాయి. హెచ్ ఒక్కటే తీయబోతే ఇది సిస్టమ్ ఫైల్ అని మొరాయిస్తుంది, అందుకే రెండూ కలిపి తీయాలి. చివరి /ఎస్ /డీ అంటే లోపలి ఫైళ్లకీ, ఫోల్డర్లకీ కూడా అని. అయ్యాక ఒక్కోసారి పేరే లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది, భయపడకండి, మీ సరుకంతా అందులోనే ఉంటుంది. షార్ట్‌కట్ల చివర ఎల్‌ఎన్‌కే ఉంటుంది, డిర్ *.ఎల్‌ఎన్‌కే చూసి, పై బాణం, హోమ్, డిర్ చెరిపి డెల్. దీంతో ఫైళ్లు దొరికాయే గానీ వైరస్ చావలేదు, యాంటీవైరస్‌తో స్కాన్ చేశాకే ఆ పెన్ డ్రైవ్ ఇంకెక్కడైనా పెట్టండి.

నెట్ రాకపోతే కస్టమర్ ముందు తెల్లమొహం వేయకుండా పింగ్ 8.8.8.8 కొట్టండి, అది గూగుల్ వాళ్లది, దాదాపు ఎప్పుడూ పలుకుతుంది. నాలుగు లైన్లూ రిప్లై ఫ్రమ్ 8.8.8.8 అని వస్తే మీ నెట్ బాగానే ఉంది, ఆ సైటే బిజీగా ఉంది, రాత్రి పూట రమ్మని చెప్పొచ్చు. టైమ్డ్ అవుట్ అంటే తప్పు చాలావరకు మీ వైపే, కేబుల్ చూసుకోండి. రిప్లై వస్తూ కూడా ఒక్క సైటూ తెరుచుకోకపోతే ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్ ఒకసారి కొట్టి చూడండి, కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న సైట్ల పాత అడ్రస్‌లని అది చెరిపేస్తుంది.

లినక్స్ ఉన్నవాళ్లకి డిర్ బదులు ఎల్‌ఎస్, కాపీ బదులు సీపీ, రెన్, మూవ్ రెండిటికీ ఎంవీ, డెల్ బదులు ఆర్‌ఎం. అక్కడ పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా. ఈ మధ్య కొన్ని దొంగ సైట్లు "మీరు రోబో కాదని నిరూపించుకోండి, విండోస్ కీ, ఆర్ నొక్కి, కంట్రోల్ వీ నొక్కి, ఎంటర్ కొట్టండి" అంటున్నాయి. అంటే వాళ్ల కమాండ్‌ని మీ చేత్తోనే మీ కంప్యూటర్‌లో కొట్టించడం. నిజమైన సైటు ఏదీ ఇట్లా అడగదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన లైనైనా సరే, ఒక్కో ముక్క ఏం చేస్తుందో తెలియకుండా పేస్ట్ చేయొద్దు, నేను రాసినవి కూడా. ఏ కమాండ్ పక్కనైనా /? పెట్టి కొడితే దాని పురాణం మొత్తం చెప్తుంది.

చివరగా బ్యాకప్. రోజూ షాపు మూసే ముందు నేను కొట్టేది:

రోబోకాపీ డీ:\షాపు ఎఫ్:\బ్యాకప్ /ఈ

ముందున్నది ఎక్కడినుంచి, తర్వాతది ఎక్కడికి, /ఈ అంటే లోపలి ఫోల్డర్లతో సహా అని. మొదటిరోజు గంట పడుతుంది, రెండో రోజు నుంచి మారినవి మాత్రమే ఎక్కిస్తుంది కాబట్టి రెండు నిమిషాలు. మధ్యలో కరెంటు పోతే వచ్చాక అదే లైను మళ్లీ కొట్టడమే. అయ్యాక కింద వచ్చే పట్టికలో ఫెయిల్డ్ అన్న చోట సున్నా ఉందో లేదో చూసుకోండి. ఎక్కడైనా /ఈ బదులు /ఎంఐఆర్ అని చెప్తే వెంటనే వాడకండి, అది రెండు వైపులా ఒకేలా చేయడానికి అవతలి వైపు ఎక్కువున్నవి తీసేస్తుంది, పొరపాటున అడ్రస్‌లు తారుమారైతే ఖాళీ పెన్ డ్రైవ్‌ని చూసి మీ షాపు ఫోల్డర్‌ని ఖాళీ చేస్తుంది.

ఈ లైను రోజూ కొట్టడం విసుగైతే నోట్‌ప్యాడ్‌లో రాసి, పేరు చివర చుక్క బీఏటీ పెట్టి డెస్క్‌టాప్ మీద సేవ్ చేయండి, డబుల్ క్లిక్ చేస్తే అదే నడుస్తుంది. మా వాడు చేసి ఫోన్ చేశాడు, "బావా, నొక్కితే మళ్లీ నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది" అని. నోట్‌ప్యాడ్ వెనకాల టీఎక్స్‌టీ అని తనంతట తాను తగిలిస్తుంది, మామూలుగా చూస్తే అది కనబడదు. డిర్ కొట్టమన్నాను. "బ్యాకప్.బీఏటీ.టీఎక్స్‌టీ అని ఉంది బావా" అన్నాడు. ఏం చేయాలో చెప్పబోయేలోపే అటునుంచి కీబోర్డు చప్పుడు వినబడింది.

"రెన్ కొట్టిన. నడుస్తుంది, పెట్టెయ్."